ఏరి పెట్టిన నెత్తురు

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, తెల్లకోటు తొడుక్కున్న ప్రతి డిగ్రీ విద్యార్థికీ లోకాన్ని తామే బాగుచేస్తామన్న నమ్మకం ఉండేది. నాకు కాస్త ఎక్కువే (కోటు మా అక్కది, మోకాళ్ళ కిందికి వచ్చేది). విజయవాడలో మా బయోకెమిస్ట్రీ మేడంగారు నాకూ, మేం ‘బక్కది’ అని పిలుచుకునే నా స్నేహితురాలికీ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. చేపలు పట్టే కుటుంబాల ఆడవాళ్ళకీ, పట్నం ఆడవాళ్ళకీ రక్తంలో తేడా ఎంతో చూడాలి. “ఎక్కడ రక్తం తక్కువని తేలితే అక్కడ డాక్టరమ్మతో క్యాంపు పెట్టిద్దాం. కానీ ముందే ఎవరికీ చెప్పకండమ్మా, ఆశపడతారు” అన్నారు. ఆ క్యాంపు మేం రక్తం తియ్యడానికి వెళుతున్న, బందరు అవతలి చేపల పల్లెకే వెళుతుందని నేను బస్సులోనే తీర్మానించేశాను. ఉయ్యూరు దాకా చెరకు బళ్ళ వెనకే పాకినా నాకు విసుగు రాలేదంటే చూడండి!

పల్లెపెద్ద మమ్మల్ని పెళ్ళివారిలా దింపుకున్నాడు. ఆయన పాక వసారాలో సూదులూ, గాజు గొట్టాలూ సర్దేసరికే ఆడవాళ్ళు వరసకట్టారు. ఒక్కొక్కరి చెయ్యి నా కాలంత. సూది గుచ్చితే “ఇంతేనా?” అని నవ్వారు. లోపల పెద్దాయన కోడలు మాకోసం చేపల పులుసు కాస్తోంది. మేం ఆమెను వదినా అని పిలిచాం. నెలలు నిండుతున్న మనిషి, గరిటె పట్టుకుని గుంజకు ఆనుకుని ఆయాసపడుతోంది. “పొయ్యి సెగమ్మా” అంటే నమ్మాం. బక్కది నోట్లో నువ్వుగింజ నానదు కదా, “డాక్టరమ్మ వస్తుంది వదినా, ఎవరితోనూ అనకు” అని ఆమె చెవిలో ఊదేసింది. పులుసు అద్భుతం.

ఫలితాలు చూసి నాకు ఏడుపొచ్చింది. పల్లెలో అందరి రక్తం నిక్షేపంలా ఉంది. విజయవాడ భవానీపురంలో సన్నబడాలని అన్నం మానేసిన అమ్మాయిల గొట్టాల్లో మాత్రం రంగే లేదు (వాళ్ళలో మా బక్కది ఒకతె). క్యాంపు భవానీపురానికి ఖాయమైపోయింది. “వదినకి మాటిచ్చానే” అని బక్కది ముక్కు చీదింది. చేసేది లేక ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ బస్సెక్కాం.

“మీ ఊళ్ళో అందరికీ రక్తం బాగుందండీ” అని నీరసంగా చెప్పాను. పెద్దాయన మీసం దువ్వాడు.

“బాగోదేంటి అమ్మాయిగారూ? సుట్టాలొత్తే గంపలో మంచి సేపలే ఏరి పెడతాం గానీ మెత్తబడ్డయి పెడతామా? ఊళ్ళో దిట్టమైనోళ్ళనే ఏరి పంపా. పీలగా ఉన్నోళ్ళని బయటికి రావద్దన్నా. ఊరి పరువు కాదూ!”

ఇంతలో వదిన మంచినీళ్ళు తెచ్చి, మెల్లగా అడిగింది: “డాక్టరమ్మ ఎప్పుడొత్తదమ్మా? ఇయ్యాల పొయ్యి ముట్టియ్యలేదు. అయినా ఆయాసం తగ్గట్లేదు.”

సంచిలో మిగిలిపోయిన సూది తీసి ఆమె వేలికి గుచ్చాను. గొట్టంలో నీళ్ళ టీ రంగు. మర్నాడు మేడంగారి దగ్గరికి పరుగెత్తి లెక్కలన్నీ తప్పండీ అని మొత్తుకున్నాను. ఆవిడ తల పట్టుకున్నారు. “పరీక్షలు ముంచుకొస్తున్నాయి, క్యాంపు ఏర్పాట్లయిపోయాయి. ఇప్పుడేం చెయ్యగలనమ్మా?”

బక్కదే వెళ్ళి వదినను భవానీపురం క్యాంపుకి తీసుకొచ్చింది. “ఈవిడ ఈ పేటేనా?” అని డాక్టరమ్మ అడిగితే, “మా సొంత వదినండీ, మా ఇంట్లోనే ఉంటుంది” అని కళ్ళార్పకుండా బొంకింది. డాక్టరమ్మ వదిన కంటి రెప్ప కిందికి లాగి చూసి, మమ్మల్ని నానా తిట్లూ తిట్టి, తన కారులోనే పెద్దాసుపత్రికి పంపింది. తల్లీ బిడ్డా దక్కారు. ఆ పల్లెకు మాత్రం మా చదువు అయ్యేలోగా ఏ క్యాంపూ వెళ్ళలేదు. మిగతా పాకల్లో ఎంతమంది గుంజలకు ఆనుకుని ఉండిపోయారో ఇప్పటికీ నాకు తెలియదు. మా ప్రాజెక్టుకు బహుమతి కూడా వచ్చింది, నా ఖర్మ!

ఇప్పుడు నేనే మేడంని. పిల్లలు తెల్లకోట్లు తొడుక్కుని పల్లెలకు బయల్దేరుతుంటే, “ముందు వంటింట్లోకి వెళ్ళండర్రా” అంటాను. మేడంగారికి ఎప్పుడూ తిండి గోలేనని వాళ్ళు నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను.