రాట్నం మీద మనిషి

మనవరాలితో పార్కుకు వెళితే రంగుల రాట్నం మూసి ఉంది. మరమ్మతు బోర్డు వెనుక నుంచి గ్రీజు వాసన వచ్చింది.

ఆ వాసనకు చిన్నప్పటి సంత గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ల మూడు నెలలు. మా నాన్న మలేషియాలోని బటాంగ్ బెర్జుంటైలో రబ్బరు తోట మెకానిక్. సంతలో రాట్నం నాలుగుసార్లు ఆగింది. నాలుగుసార్లూ నాన్నే స్పానరుతో దానిపైన కనిపించాడు. ఆయనే చెడగొడుతున్నాడనుకున్నాను. వరుసలో జనం విసుక్కుంటున్నారు.

"ఏటే, ఆ గ్రీజోడు మీ అయ్యే గదా?" అంది స్నేహితురాలు మేరీ.

"కాదు లా, ఎవడో," అన్నాను, అక్కడి మలయ్ వాళ్లలా మాట చివర 'లా' తగిలించి.

నాన్న అప్పటికే దిగి నా వెనుకే ఉన్నాడు. కాసేపు చేతులు తుడుచుకుని, నేనెవరో పరాయి పిల్లనన్నట్టు నాతో, "పాపా, మీ అయ్యకి సెప్పు. బాగు సేసినాను, బయం నేదు, ఎక్కొచ్చు" అన్నాడు.

ఎక్కి పన్నెండు చుట్లు తిరిగాను. కింద నుంచి ఆయన ఒక్కసారీ చెయ్యి ఊపలేదు.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు బతికాడు. నేను అన్న మాట తప్పని ఒక్కరోజూ ఆయనతో చెప్పలేదు.