సిలబస్‌లో లేని ప్రశ్న

సూర్యాపేట హైవే హోటళ్లలో ఒక అలవాటు ఉంది. టీలో చక్కెర వేసి, కలిపి, గ్లాసు మన చేతికిచ్చాక, "చక్కెర వెయ్యాల్నా, వద్దా సార్?" అని అడుగుతారు. వద్దంటే జాలిగా చూస్తారు. ఈ విషయమై నేను ఇద్దరు యజమానులకు మర్యాదగా చెప్పి చూశాను. ఇద్దరూ టీ ఇచ్చారు.

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు నన్ను ఆ ఊళ్లోనే ఒక ప్రభుత్వ దవాఖానకు క్లినికల్ సైకాలజిస్టుగా వేశారు. మాది కోదాడ. విజయవాడలో నన్ను తెలంగాణవాడంటారు, సూర్యాపేటలో నోరు విప్పితే ఆంధ్రావాడంటారు. మనుషుల జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన ఎలా నడుస్తున్నాయో కొలవడం నా పని. హోదాలో డాక్టర్ల కింద, కుర్చీ విషయంలో స్టోర్ కీపర్ కింద ఉండేవాణ్ణి. మందులు రాసే అధికారం లేదు గనక జనం 'ముచ్చట్ల డాక్టరు' అనేవారు.

వానాకాలం ధాన్యం మిల్లులకు చేరుతున్న రోజుల్లో మిర్యాలగూడ నుంచి ఒక కేసు వచ్చింది. మనిషి పేరు నాగేశ్వర్, నలభై దాటాయి. ఇంటివాళ్లకు ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. అన్న సత్యనారాయణ బేరాలు చూస్తాడు, ఇతను బాయిలర్ చూస్తాడు. చేతులు, భుజాలు వాటంతటవే మెలికలు తిరుగుతున్నాయని హైదరాబాదులో నరాల డాక్టరుకు చూపిస్తే, ఆయన జన్యుపరీక్ష చేయించి హంటింగ్టన్ వ్యాధి అని తేల్చి, ఆలోచనాశక్తి కొలవమని నాకు రాశాడు. అరుదైన జబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. వీళ్ల నాన్న కూడా ఇలాగే ఊగుతూ పోయాడు. ఊరు దానికి తాగుడని పేరు పెట్టింది. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. అయినా, ఇంట్లో జబ్బుందనడం కంటే తాగుడుందనడమే పిల్లల సంబంధాలకు మేలని అన్నగారు ఆ మాటను ఖండించలేదు.

ఒళ్లు ఊగితే బజారంతా చూస్తుంది. ఆలోచన తడబడితే ఎవరికీ కనపడదు. ఈ జబ్బులో జ్ఞాపకం చాలాకాలం బాగానే ఉండొచ్చు. ముందుగా దెబ్బతినేది చేస్తున్న పని ఆపి మరో పనికి మారే శక్తి. తడబడుతున్నానన్న సంగతి మనిషికి తెలియకపోవడం కూడా జబ్బులో భాగమే.

నాగేశ్వర్ భార్య సుజాత భయం అదే. బాయిలర్‌లో నీళ్ల మట్టం పడిపోతున్నా ఈయన పొయ్యిలోకి ఊక ఎగదోస్తూనే ఉంటే, కూలీలు ఉరికొచ్చి ఆపారట. పేలితే చుట్టుపక్కల ఎవరూ మిగలరు. ఆయన్ని అక్కణ్ణుంచి తప్పించమని ఆమె అడుగుతోంది. అన్నగారు వచ్చింది తమ్ముడి బుర్ర భేషుగ్గా ఉందని నా చేత రాయించుకోవడానికి. "మా ఇంట్ల పిచ్చి లేదు సార్," అని నేను అడగకముందే చెప్పారు.

మంగళవారం రమ్మన్నాను. నాకు వేరే డ్యూటీ పడడంతో అది గురువారానికి మారింది. ఈలోపు అన్నగారు తమ్ముడికి కోచింగ్ ఇచ్చారు. పిల్లలందరినీ ఇంటర్ కోచింగ్ హాస్టళ్లలో చదివించిన ఇల్లు మరి, పరీక్ష అంటే పరీక్షే. ప్రశ్నపత్రం అందించింది వాళ్ల మేనమామ. మతిమరుపు అనుమానంతో అంతకుముందు నా దగ్గరికి వచ్చి వెళ్లిన పెద్దమనిషి. ప్రశ్నలన్నీ వరసగా ఒప్పజెప్పాడట. ఆయన కేసు నేను మళ్లీ చూడవలసి వచ్చింది.

"మూడు మాటలు చెప్తాను, గుర్తు పెట్టుకోండి," అన్నాను.

"మామిడిపండు, కుర్చీ, రూపాయి," అన్నాడు నాగేశ్వర్. నేనింకా ఏ మాటా చెప్పలేదు.

మాటలు మార్చి, "గుర్రం, దీపం, సంచి," అన్నాను.

"మామిడిపండు, కుర్చీ, రూపాయి."

వెనక నుంచి అన్నగారు, "గట్ల మారిస్తే ఎట్ల సార్? సిలబస్ల లేదు గద," అన్నారు.

ఇవాళ ఏ వారమంటే మంగళవారమన్నాడు. "గురువారం రా నాగేసూ! కార్ల గూడ చెప్తి గద," అని అన్నగారు నెత్తి కొట్టుకున్నారు. నూటిలోంచి ఏడేసి తీసెయ్యమంటే మాత్రం నేను వేలు మడిచే లోపు అరవై అయిదుకు దిగిపోయాడు. గీయమన్న వాచీ బొమ్మ కూడా గుండ్రంగానే వచ్చింది. ఇందాకటి మాటలను ఒక జాబితాలో కలిపి చూపిస్తే గుర్రం, దీపం, సంచి సరిగ్గానే గుర్తుపట్టాడు. మామూలు లెక్కన పాసు మార్కులే. "ర్యాంకు ఎంత సార్?" అన్నారు అన్నగారు, నవ్వకుండానే.

అప్పుడు ఇంకో పరీక్ష పెట్టాను. నేను బల్ల మీద ఒకసారి తడితే అతను ఒకసారి తట్టాలి, రెండుసార్లు తడితే రెండుసార్లు. బాగానే చేశాడు. తర్వాత నియమం మార్చి, నేను రెండు తడితే మీరు తట్టొద్దన్నాను. అర్థమైందన్నాడు, నియమం తిరిగి నాకే ఒప్పజెప్పాడు. నేను రెండు తట్టాను. అతనూ రెండు తట్టాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ తట్టాడు. "తట్టారు కదా?" అంటే, "లేదు సార్, నేనేడ తట్టిన?" అన్నాడు. అబద్ధం కాదు.

చివరికి బాయిలర్ గురించే అడిగాను. మీరు ఊక వేస్తుండగా నీళ్ల మట్టం పడిపోతే ఏం చేస్తారు?

"ఊక ఏసుడు అయిపోయినంక సూస్త సార్. పట్టిన పని నడుమల ఇడ్సొద్దు."

అన్నగారు ఈ జవాబుకు తలూపారు. క్రమశిక్షణ అనుకున్నారు. సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జ్ఞాపకం బాగుంది, పని మార్చుకునే శక్తి బాగాలేదు, బాయిలర్ దగ్గర గానీ స్టీరింగు ముందు గానీ ఉండకూడదని రాశాను. జవాబులు ముందే బట్టీ పట్టడం కోచింగ్ తప్పు. ప్రశ్న మారాక కూడా వాటిని వదల్లేకపోవడం జబ్బు. ఆ రెంటినీ విడదీయడం నాకు అన్నగారి పుణ్యాన తెలిసింది. తర్వాత ఈ జబ్బుతో ఎవరొచ్చినా నియమం మార్చే పరీక్షలే ముందు పెట్టాను, మార్కుల పరీక్ష చివరికి తోశాను, ఇంటివాళ్లను వరండాలో కూర్చోబెట్టాను.

ఆ రోజు మాత్రం అందరూ గదిలోనే ఉన్నారు. అన్నగారు నేను రాసింది రెండుసార్లు చదివారు. పాసయినవాణ్ణి ఫెయిలెట్ల జేస్తరు అన్నారు. హైదరాబాదులో ఇంకో డాక్టరుకు చూపిస్తానన్నారు. చివరికి లేచి కండువా దులుపుకుని, "సరే తియ్యి. వీణ్ణి మీరు వద్దంటే బాయిలర్ కాడ నేనే నిలబడ్త," అన్నారు.

సుజాత నోటి మీది కొంగు తీసింది.

"మీరు గూడ జర ఆ కుర్చీల కూసోని పోండ్రి బావా. ఊగుకుంట పోయిన మా మామకు మీరు గూడ కొడుకే గద."