కడిగిపెట్టిన సాక్ష్యం

మంటల్లోకి దూకేవాళ్లను పొగడమంటే జనం ముందుంటారు. ఆర్పాక వాళ్లు చేసే నిర్వాకం చూడాల్సింది మాత్రం జల్లెడాయనే. ఎక్కడ కాలినా మర్నాడు వెళ్లి, బూడిద జల్లించి, నిప్పు ఎలా పుట్టిందో తేల్చడం ఇరవై రెండేళ్లుగా ఆయన ఉద్యోగం. ఆయన ఖర్మ కొద్దీ ఫైరింజను దళానికి నాయకుడు స్వయానా బావమరిది.

ఆ ఉదయం, రాత్రి కాలిన కుట్టుషాపు లోపల ఉండాల్సిందంతా రోడ్డు మీద ఉంది. మిషన్లు, బల్లలు, ఊడబీకిన గోడచెక్కలు ఒకటే గుట్ట. పక్కనే తళతళలాడుతూ ఇస్త్రీపెట్టె.

"నీకు శ్రమ లేకుండా కడిగి పెట్టాం బావా," అన్నాడు బావమరిది, మెచ్చుకోలు కోసం చూస్తూ.

"ప్లగ్గు కూడానా?"

"పిన్నులు మరీ నల్లగా ఉంటే గుడ్డతో తుడిపించా."

జల్లెడాయన నెత్తి పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. ప్లగ్గు సాకెట్టులో ఉండగా కాలితే పిన్నులకు మసి అంటదు. బయట ఉంటేనే అంటుతుంది.

"నల్లగా ఉన్నాయని నేను చెప్తున్నాగా!"

"రిపోర్టులో 'మా బావమరిది చెప్పాడు' అని రాయమంటావా?"

ఇస్త్రీ చేసే ఆవిడ ప్లగ్గు పీకకుండా పోయిందని, ఆమె మీద కేసు పెడతానని షాపు యజమాని ఫోను పట్టుకుని తిరుగుతున్నాడు. ఆవిడ అక్కడే నిలబడి ఉంది.

"పీకే వెళ్లాను సార్. పీకి, వైరు పెట్టెకు చుట్టి మరీ పెట్టా."

"చుట్టి ఉందిట్రా?"

"ఉంది బావా. కడగడానికి అడ్డమని మేమే విప్పాం."

జల్లెడాయన కళ్లు మూసుకుని, తెరిచాడు. "గోడ సాకెట్టేదీ?"

"గోడ వెనక నిప్పు దాగిందేమోనని గొడ్డలితో పీకాం. గుట్టలో ఉంటుంది."

"అయితే దిగు. వెతుకు."

మధ్యాహ్నం దాకా ఇద్దరూ తడిబూడిదలో మోకాళ్ల మీద పాకారు. చివరికి బావమరిది చేతికే దొరికింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పట్టేంత పెద్ద సాకెట్టు షాపులో అదొక్కటే.

"ఒక్కసారి కుళాయి కింద పెట్టి..."

"పెట్టావంటే మీ అక్కతో చెప్తా!"

జల్లెడాయన దాని మూత విప్పాడు. పిన్నుల్ని పట్టి ఉంచే ఇత్తడి రేకులు గట్టిగా మూసుకుని ఉన్నాయి. మంటలప్పుడు వాటి మధ్య పిన్నులుంటే, వేడికి బిగువు పోయి తెరుచుకునే ఉండిపోయేవి.

"ప్లగ్గు పీకే ఉంది," అన్నాడు గట్టిగా. యజమాని ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"పదకొండేళ్లుగా ఇక్కడే చేస్తున్నా," అంది ఆవిడ. "నా మాట నమ్మడానికి ఇంత బురద పిసకాలా?"

చేతులు ఊరుకోని బావమరిది ఇస్త్రీపెట్టె తీసి ఆవిడకు అందించబోయాడు.

"అక్కడ పెట్టు. అది సాక్ష్యం."

"కడిగేశాం కదా బావా, ఇంకెవరి మీద సాక్ష్యం?"

"నీ మీద."