బూడిదలో పండుకున్న కందులు

మందులు వేయకుండా రెండెకరాల చెల్క సాగు చేద్దామని మేము అనుకున్న ఏడు, మా పక్క చెల్క అవ్వ బూడిద కలిపిన కందులు కుండెడు తెచ్చిచ్చింది. పసిపిల్లను జోకొట్టినట్టు ఆ కుండను తట్టి, "పండుకున్నయి బిడ్డా, వాన పడేదాంక లేపకు" అన్నది. విత్తనాల గురించి ఎప్పుడూ ఆమెది అదే మాట.

వాన ఆలస్యమైంది. ఒకనాడు చుట్టాలు దిగారు, ఇంట్లో ఏమీ లేదు. విత్తనాలు అంగడిలో దొరకవా అనుకుని ఆ కందులే కడిగి గుడాలు ఉడకబెట్టాను. అంతలో అవ్వ వచ్చింది. ఆమెకూ ఒక గిన్నెలో పెట్టాను. ఒక గింజ కొరికి ఆగింది.

"నా కందులేనా బిడ్డా?"

నేను పొయ్యి వైపు తిరిగాను. అవ్వ ఒక్క గింజ వదలకుండా తిన్నది. "చుట్టాలను ఉపాసం పెడ్తమా మరి?" అంటూ లేచింది.

తెల్లారి చూస్తే, తన చెల్క కోసం దాచుకున్న కుండ మా గడపలో ఉంది. తిరిగి ఇచ్చేయాల్సింది. ఇవ్వలేదు, విత్తుకున్నాం.

మా కంది పూతకొచ్చినప్పుడు గట్టు అవతల ఆమె చెల్క బీడుగా ఉంది. అవ్వ రోజూ వచ్చి ఆ గట్టు మీద కూర్చుని, మా కంది కొమ్మలను జోకొట్టేది.