ఎర్కైతుందా?

నా ఎడమ కాలి మీద పడిన బండ మొదట చిన్నదే. చాయ్ హోటల్ బల్ల మీద చెప్పీ చెప్పీ నేనే దాన్ని పెంచాను. కొడుకు పుట్టేనాటికి అది బియ్యం బస్తా అంత అయింది. వాడి పెళ్లినాటికి బీరువా అంత. మనవరాలు కథ చెప్పమని ఒళ్లోకి ఎక్కే వయసు వచ్చేసరికి లారీ అంతై కూర్చుంది. నిజం చెప్పమంటే, ఇద్దరు నెడితే పక్కకు జరిగిన బండ అది. ఒక్కడు నెట్టినా జరిగేదేమో. రెండోవాడు ముఖ్యంగా నన్ను తిట్టడానికి వచ్చాడు.

తిట్టడానికి కారణం ఉంది. బొగ్గు బాయిలో నాది సపోర్టు పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టాలి. నిలబెట్టే ముందు కర్రతో కప్పును తట్టి వినాలి. గట్టిగా మోగితే సరే. డొల్లగా పలికితే వెనక్కి జరగాలి. ఆ రోజు డొల్లగానే పలికింది. నేను ముందుకు జరిగాను. ఎందుకని అడిగినవాళ్లకు ఇన్నేళ్లుగా తలా ఒక కారణం చెప్పాను. అన్నీ బాగానే ఉన్నాయి.

ఆ కథలో బండ కంటే ఎక్కువ పెరిగింది ఒక సిస్టరమ్మ. కంపెనీ దవాఖానలో నా కాలికి కట్టు కట్టాక నన్ను చూసుకున్న నర్సు. నా కథలో ఆమె నా మంచం పక్కనే కూర్చుని, నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె కన్నీళ్లు పడిన చోటల్లా నా చచ్చిన కాలికి ప్రాణం వచ్చింది. "నర్సు ఏడ్వకుంటె మీ తాత కుంటోడయ్యేటోడు బిడ్డా" అని ముగించేవాణ్ని. మనవరాలు కళ్లు పెద్దవి చేసుకుని వినేది. తర్వాత తన రిబ్బను తెచ్చి నా కాలికి చుట్టేది. ఏడవడానికి ప్రయత్నించేది. రాకపోతే ఉమ్మితో వేలు తడిపి కళ్లకింద రాసుకునేది. ఇది మాత్రం పెంచి చెప్పింది కాదు.

ఆ పిల్ల నర్సింగ్ చదివింది. కారణం నా కథే అని ఊరంతా చెప్పుకుని తిరిగాను. మా కోడలు ఒప్పుకోలేదు.

"మామా, మీ కథలు పక్కకు పెట్టుండ్రి. నర్సింగ్ చేస్తె జల్ది నౌకరి దొర్కుతదని నేనే పంపిన. తన కాళ్ల మీద తను నిలవడ్తది."

"నువ్వు పంపినవ్. పోవాలన్న మనసు ఎవలు పెట్టిన్రు?"

"మనసు గాదు, మార్కులు. మార్కులకు అదే సీటొచ్చింది."

మంచిర్యాలలో ఒక ప్రైవేటు దవాఖానలో పిల్లకు నౌకరి దొరికింది. ఇంటర్వ్యూలో "నర్సు ఎందుకవుదామనుకున్నావ్" అని అడిగితే సిస్టరమ్మ కన్నీళ్ల కథ చెప్పిందట. చాయ్ హోటల్లో ఆ సంగతి చెబుతూ, ఇంటర్వ్యూ చేసిన ఐదుగురూ కండ్లు తుడుచుకున్నారన్నాను. ఉన్నది ముగ్గురు. తుడుచుకున్నది ఒక మేడం. ఆమెకు ఆ రోజు జలుబట.

ఈ ఏడాది వానలు తగ్గాక ఒక పొద్దున పిల్ల రాత్రి డ్యూటీ దిగి బస్సులో వచ్చింది. చేతిసంచీ గుమ్మం దగ్గరే పడేసింది. యూనిఫాం కూడా విప్పలేదు. గోడకానుకుని కూర్చుని, "ఇగ నేను పోను" అంది.

కోడలు చపాతీల కర్ర పట్టుకునే బయటికొచ్చింది. "పోనంటె? రేపు మధ్యాహ్నం షిఫ్టు గాదా నీది?"

"పోను. రాకుంటె ఇంకో పిల్లను పెట్టుకుంటరట. పెట్టుకోనియ్యి."

"ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవ్వలేం అనలే."

కోడలు చాలాసేపు అరిచింది. మంచిమాటల్లో కూడా చెప్పింది. పిల్ల గోడను వదల్లేదు. చివరికి కోడలు నావైపు చూసి, "నీ మన్మరాలే గదా, నువ్వే అడుగు" అని లోపలికి పోయింది. కోపం వస్తే నన్ను మీరు అనడం మానేస్తుంది.

నేను కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. నేను అడగకముందే పిల్లే చెప్పింది. గొంతులో ఏమీ లేదు, కూరగాయల ధరలు చెబుతున్నట్టు చెప్పింది.

"మా వార్డుల ఒక ముసలాయన ఉండె. మస్తు రోజులసంది నేనే చూసుకున్న. నన్ను బిడ్డా అని పిలుస్తుండె. ఇయాల్ల తెల్లారుతుండంగ పోయిండు. డాక్టర్‌ను పిలిచిన, రాసుకున్న, ఆయన కొడుక్కు చెప్పిన. బెడ్డు షీటు మార్చిన. గా బెడ్డు మీద ఇంకొకలను పండవెట్టిన్రు. డ్యూటీ దిగి క్యాంటీన్‌ల ఇడ్లీ తిన్న."

"తినాలె మరి."

"ఇడ్లీ మంచిగున్నది తాతా. గదే చెప్తున్న. ఇంకో ప్లేటు తిన్న. ఏడుపు రాలే. బస్సుల కూసొని ఏడుద్దామని చూసిన, రాలే. మీ సిస్టరమ్మ ఒక కాలు కోసమే ఏడ్చింది గదా. నా ముందట మనిషే పాయె. నేను నర్సునా, ఈ గోడనా?"

ఆ గోడ పగిలి ఉంది. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా మా ఇళ్ల గోడలు కొద్దికొద్దిగా విచ్చుకుంటాయి. మేం వాటిని చూడటం ఎప్పుడో మానేశాం.

నేనేం చేశానంటే, నాకు తెలిసిన పనే చేశాను. ఇంకో కథ ఎత్తుకున్నాను. బాయిలో నా జతగాడు కప్పు కూలి చనిపోయిన రోజు గురించి. ఆ రోజు నేను తిండి ముట్టలేదనీ, గోదావరి ఒడ్డున ఒక్కణ్నే కూర్చుని కుమిలిపోయాననీ, దుఃఖం దిగమింగి మరునాడు మళ్లీ బాయి దిగాననీ. "దుఃఖం అందరికుంటది బిడ్డా, దిగమింగాలె" అన్నాను. బాగా వచ్చిందనిపించింది.

పిల్ల నన్నే చూసింది. "మీకు షిఫ్టు బందయితుండె గదా."

మా బాయిల్లో అదొక పద్ధతి. లోపల మనిషి పోతే ఆ షిఫ్టు ఆగిపోతుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు. పనిముట్లు ఎక్కడివక్కడ వదిలి అందరూ పైకొస్తారు. ఆ రోజుకు ఇక ఎవరూ దిగరు.

"మీరు పైకొచ్చి ఏడ్చేటోళ్లు" అంది. "మాకు బందు లేదు. గందుకేనా నాకు ఏడుపు రాలే? బందుంటె వచ్చునా?"

అక్కడ నాకు అబద్ధం నోటికి రాలేదు. అబద్ధాలకు నా దగ్గర ఎప్పుడూ కరువు లేదు. అయినా ఆ పిల్ల ఆ మాట నిజంగానే అడిగింది. జవాబును పట్టుకుని ఉద్యోగం ఉంచుకోవడమో వదులుకోవడమో చేసేలా ఉంది.

"సినిమాకు పోయిన" అన్నాను.

"ఏంది?"

"ఆ రోజు. షిఫ్టు బందయింది. పైకొచ్చిన, తానం చేసిన. మధ్యాహ్నం ఏం తోచలే. మ్యాటినీకి పోయిన."

"జతగాడు పోయిన రోజు?"

"ఆ. మా షిఫ్టోళ్లు ఇంకిద్దరు కూడ కనవడ్డరు హాల్ల. ఒకల మొఖం ఒకలం చూసుకోలే."

"ఏం సినిమా?"

"యాదికి లేదు. ఫైటింగులున్నయి. ఇంటర్వెల్ల సమోసా తిన్న."

పిల్ల నవ్వలేదు. నేనూ నవ్వించాలని చెప్పలేదు.

"తర్వాత ఏడ్చినవా?"

"లేదు. ఏదో ఒకనాడు వస్తదని చూసిన. నౌకరి దిగిపోయిన, ముసలోన్నయిన. ఇంక రాలే."

లోపల కోడలు చపాతీలు ఒత్తుతున్న చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది. ఆమె వింటోందని తెలుసు. ఇంత దూరం వచ్చాక సిస్టరమ్మను మాత్రం దాచిపెట్టడం ఎందుకనిపించింది.

"సిస్టరమ్మ గూడ ఏడ్వలే" అన్నాను.

అప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. బండ పడిన మరునాడు నా కాలికి మోకాలి దాకా సిమెంటు పట్టీ వేసి దిండ్ల మీద ఎత్తి పెట్టారు. వేళ్లు మాత్రం బయట ఉన్నాయి. కాలి మీద కప్పిన దుప్పటి మడత అడ్డమై, పడుకున్నచోటి నుంచి అవి నాకు కనిపించవు. సిస్టరమ్మ వచ్చినప్పుడల్లా గుండుసూది మొన వేళ్లకు తాకించి, "ఎర్కైతుందా?" అని అడిగేది. మొదట్లో ఎర్కయ్యేది. తర్వాత కాలు బరువెక్కింది. తర్వాత అసలు కాలు ఉన్నట్టే తెలియలేదు.

పక్క మంచం మీద ఇంకో బాయి మనిషి ఉన్నాడు. నాకంటే పెద్దవాడు. "వేళ్లు ఎర్కైతలేవని చెప్పకు" అని హెచ్చరించాడు. "చెప్పినవంటె కాలు తీసేస్తరు. తీస్తె అన్‌ఫిట్. పైన గేటు కాడ కూసొని చిట్టీలు రాసుకుంట బతుకుతవా?" బాయి దిగేవాడికి పైన కూర్చోవడం ఎంత నామోషీయో బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. నేను అతని మాట విన్నాను.

ఆ మధ్యాహ్నం సిస్టరమ్మ వచ్చింది. "ఎర్కైతుందా?"

"అయితుంది."

"ఇప్పుడు?"

"అయితుంది సిస్టరమ్మా. చురుక్కుమన్నది."

"ఏ వేలు?"

"బొటనవేలు."

 ఆమె నా మొహం దగ్గరికి వచ్చి నిలబడింది. గుండుసూది ఆమె జేబుకే గుచ్చి ఉంది.

"నేనింక ముట్టనేలేదయ్యా."

బయటికి వెళ్లి డాక్టరును వెంటబెట్టుకొచ్చింది. కాలు లోపల వాచిందన్నారు. పట్టీని పైనుంచి కిందిదాకా చీల్చారు. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు ఇంగ్లీషులో చెప్పాడు. పక్క మంచం ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సిస్టరమ్మ ఏడవలేదు. మాటలతో ఎడాపెడా వాయించింది. "బాయిల కప్పును తట్టి చూస్తరు గదా మీరు. ఆ కప్పు నీ లెక్క అబద్ధం చెప్తె ఎంతమంది బతుకుదురు?" అంది. ఆమె నాన్న కూడా మా బాయి మనిషే. చర్చి పక్క క్వార్టర్ల లైన్లలో ఉండేవాళ్లు. అందుకే కప్పు సంగతి తెలుసు.

దవాఖాన నుంచి వెళ్లే రోజు ఆమెను మంచి చేసుకుందామని, "మీకు దయ ఎక్కువ సిస్టరమ్మా, గందుకే నర్సయిన్రు" అన్నాను.

"దయా గియా నాకు తెల్వదు. ఆడపిల్లకు బాయిల పని లేకుండె. ఏదో నౌకరి గావాలె. నర్సు ట్రైనింగ్‌కు పిలిచిన్రు, పోయిన. టీచరుకు పిలిస్తె టీచరయ్యేదాన్ని" అంది. గడియారం చూసుకుంది. "నా డ్యూటీ దిగే యాల్లయింది. కాలు కింద పెట్టకు."

ఆమె నాతో అన్న ఆఖరి మాట అది. మళ్లీ ఎన్నడూ కలవలేదు. ఇంత పొడిగా ఉన్న మనిషిని పట్టుకుని నేను అంత ఏడిపించాను.

చెప్పడం అయిపోయింది. పిల్ల ఏదో అంటుందనుకున్నాను. మోసం చేశావనో, ఇంటర్వ్యూలో నాతో అబద్ధం చెప్పించావనో.  దూరంగా ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయింది. అల్మారాలో స్టీలు పళ్లేలు గలగలమన్నాయి. ముగ్గురిలో ఎవరమూ తలెత్తలేదు.

"చెప్పులు ఇడువు" అంది పిల్ల.

"ఎందుకు?"

"ఇడువు తాతా. కుర్చీల ఎనకకు ఒరుగు. కండ్లు మూస్కో."

నాకు షుగరు ఉంది. ఇంట్లో అందరికీ తెలుసు. కళ్లు మూసుకున్నాను. నేల మీద ఆమె దగ్గరికి జరిగిన చప్పుడు వినిపించింది. యూనిఫాంలోంచి దవాఖాన వాసన వచ్చింది.

"ఎర్కైతుందా?"

నాలుక చివరిదాకా వచ్చింది, అయితుందని. అలవాటు. చురుక్కుమన్నదని కూడా చెప్పేవాణ్నే. ఆగాను. నా కాళ్ల లోపలికి చెవి పెట్టి విన్నట్టు కాసేపు చూసుకున్నాను. ఏమీ లేదు. కాళ్లు ఎవరివో పక్కన పెట్టి పోయినట్టున్నాయి.

"లేదు" అన్నాను.

"గిక్కడ?"

"లేదు."

"గిక్కడ?"

"లేదు బిడ్డా. నువ్వు ముట్టుకున్నవా, లేదా?"

"ముట్టుకున్న."

కళ్లు తెరిచాను. ఆమె చేతిలో పెన్ను ఉంది. రెండు కాళ్ల వేళ్ల మీదా సిరా చుక్కలు ఉన్నాయి. కుడి అరికాలి కింద చిన్న పుండు ఒకటి ఉందట, నాకు తెలియదు. పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ముఖంలో బాధ లేదు, జాలి లేదు. లైటువైపు తిప్పి మళ్లీ చూసింది.

"ఎన్నొద్దులసంది గిట్లున్నయి?"

"మస్తు రోజులసంది."

"ఎవ్వలకు చెప్పలే?"

"చెప్తె ఏమైతది?"

 నా పాదాన్ని మెల్లగా నేల మీద పెట్టి లేచింది. "ఇంట్ల గూడ చెప్పులేస్కొని తిరుగు. రేపు మధ్యాహ్నం నా షిఫ్టుల రా. షుగర్ డాక్టర్‌కు చూపిస్త. తిని రా, ఖాళీ కడుపుతోని రాకు."

లోపల చపాతీల చప్పుడు ఆగిపోయింది. కోడలు గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం దగ్గరున్న చేతిసంచీని తీసి మేకుకు తగిలించింది. పిల్ల అప్పటికే గోడవైపు తిరిగి పడుకుంది, రాత్రి డ్యూటీ నిద్ర.

నాకు సంతోషం కలగాలి. కలిగిందని రాస్తే బాగుంటుంది కూడా. కలగలేదు. ఆకలేసింది, చపాతీలు తిన్నాను.

సాయంత్రం స్నానం చేస్తూ వేళ్ల మీది సిరా చుక్కలు రుద్దాను. పోయాయో లేదో వంగి చూస్తే గాని తెలియలేదు.