గోతంలో నా మొదటి సంవత్సరం

పత్తి పూర్తిగా పోయిన ఏడాది మేం పొదిలి వదిలి గుంటూరు వచ్చేశాం. ఏటా మిరపకాయలు అమ్ముకున్న యార్డులోనే నాన్న హమాలీగా చేరాడు. అప్పటికి మా వైపు ప్రభుత్వ కాలేజీలో నా డిగ్రీ మొదటి సంవత్సరం ఫస్టుక్లాసులో అయిపోయింది. రెండో సంవత్సరానికి గుంటూరులో ఒక ప్రభుత్వ కాలేజీకి బయల్దేరితే, నాన్న నా నోట్సులు, రికార్డులు అన్నీ మిరపకాయల గోతంలో వేసుకుని నెత్తిన పెట్టుకొచ్చాడు. యార్డులో మచ్చు చూడందే ఎవరూ బేరం మొదలుపెట్టరు కదా.

కాలేజీ ఆఫీసులో గుమాస్తా ముందు గోతం మూతి విప్పి, "చూడండి సారూ, ఎక్కడ చెయ్యి పెట్టినా ఒకటే సరుకు" అన్నాడు.

గుమాస్తా చెయ్యి పెట్టలేదు. "మీ అమ్మాయి గ్రూపు ఇక్కడ లేదండీ. అక్కడ చదివింది ఇక్కడ పనికిరాదు. చేరితే మళ్ళీ మొదటి సంవత్సరమే" అన్నాడు.

రెండు కాలేజీలూ ఒకే ప్రభుత్వానివి! ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఒక ఏడాది ఎక్కువ చదివించే ఓపిక మా ఇంట్లో లేదు.

నాన్న గోతం మూతి మళ్ళీ కట్టాడు. ఆయనకు తెలిసినంతలో మంచి సరుకును ఎవరూ తిప్పి పంపరు. గేటు దాటాక, నా మొహం చూడకుండా మెల్లగా అడిగాడు.

"ఏమ్మా, నువ్వు సరిగ్గా చదవలేదా?"