ముందొచ్చిన గంగన్న గైర్హాజరు

మా కంపెనీ లెక్క ప్రకారం గంగన్న అనే మేస్త్రీ ఈ నెల మొదటి పదకొండు రోజులు డ్యూటీకి రాలేదు. ఆ పదకొండు రోజులూ ఆయన కట్టిన గోడ మాత్రం ఒమన్‌లోని సీబ్‌లో మా సైట్ మీద నిటారుగా నిలబడి ఉంది. గోడకు వేలిముద్ర ఉండదు కాబట్టి దాని సాక్ష్యం చెల్లదన్నారు.

నా పేరు సురేందర్. మెట్‌పల్లిలో కంప్యూటర్ కోర్సు చేసి, స్టోర్‌కీపర్ వీసా మీద ఇక్కడికొచ్చాను. ఆఫీసు ప్రింటర్ ఒకసారి బాగుచేసిన పాపానికి కంప్యూటర్ పనులన్నీ నా నెత్తిన పడ్డాయి. గంగన్నది మా పక్క ఊరే. ఇరవై రెండేళ్లుగా ఒమన్‌లో ఇటుక మీద ఇటుక పేరుస్తున్నాడు. సిమెంటు ఆయన వేళ్ల మీది గీతలన్నీ తినేసింది. హాజరు మిషన్ మీద వేలు పెడితే పదిసార్లకొకసారి గానీ అది ఆయన్ను గుర్తుపట్టదు. తన వల్ల వెనకవాళ్లకు ఆలస్యమవుతుందని క్యాంపులో అందరికంటే ముందు లేస్తాడు. వేలికి కొబ్బరినూనె రాసుకుని, వంటగదికీ ఆఫీసుకూ మధ్యనున్న మిషన్ ముందు నిలబడతాడు. అది ‘థ్యాంక్యూ’ అన్నాకే చాయ్ తాగుతాడు.

పద్దెనిమిదో తేదీన ఆయన ప్రయాణం. మూడేళ్లకు దొరికిన లీవు. ఇరవయ్యో తేదీన భార్య రాములవ్వకు గర్భసంచి ఆపరేషన్. అయితే నెలలో మూడు రోజులు గైర్హాజరైతే లీవు రద్దని మా కంపెనీ రూలు. పన్నెండో తేదీన జాబితా బయటికి రాగానే మేనేజర్ జయరాముడు గారు గంగన్నను పిలిపించారు. ఆయనది కడప వైపు. మిషన్ అంటే ఆయనకు మహా గురి.

"సార్, నేను రోజూ వచ్చిన. అది థ్యాంక్యూ గుడ చెప్పింది," అన్నాడు గంగన్న.

"నీ వేలే బాగలేదు పెద్దాయనా. మిషను తప్పు చెప్తాదా?"

"ఫోర్‌మన్‌ను అడుగుండ్రి సార్."

"మనుషుల మాట మీద హాజరు ఏసేదుంటే ఇంక మిషను ఎందుకు తెచ్చినట్టు?"

గంగన్న బయటికొచ్చి నా టేబుల్ పక్కన నిలబడ్డాడు. "మాకు పిల్లజెల్ల లేకపాయె. ఆపరేషన్ కాయిదం మీద ఎవ్వలు వేలు వెడ్తరు సురేందర్? మొగడు రావాలన్నరట," అన్నాడు.

జాబితా ముందేసుకుని కూర్చున్నాను. రోజూ ఇరవై మంది గైర్హాజరు. పేర్లు చూస్తే అందరూ మొదటి చాయ్ బ్యాచే. దుప్పటి గుంజితే తప్ప లేవని మహానుభావులంతా నూటికి నూరు శాతం హాజరు. ఎనిమిదింపావుకు ఏసీ కారు దిగే జయరాముడు గారికైతే ఒక్క మచ్చ కూడా లేదు. ఎంత ముందొస్తే అంత రానట్టు అన్నమాట.

మిషన్‌కూ కంప్యూటర్‌కూ మధ్య డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంటుంది. పొద్దుటి నుంచి పడే వేలిముద్రలను తనకు కేటాయించిన మెమరీలో దాచిపెట్టి, తొమ్మిదింటికి ఆఫీసు ప్రోగ్రామ్ అడిగినప్పుడు అప్పజెప్పడం దాని పని. దాని సెట్టింగులు తెరిచి చూస్తే కేటాయింపు రెండువందల ముద్రలు. మిషన్ బిగించిన నాడు మేము నూట ఎనభై మందిమి. ఈ నెల ఒకటిన బర్కా క్యాంపు మూసేసి నలభై మందిని ఇక్కడికి తెచ్చారు. రెండువందల ఒకటోవాడు వేలు పెట్టగానే, చోటు కోసం ఆ డ్రైవర్ అన్నిటికంటే పాత ముద్రను చెరిపేస్తోంది. పొద్దున్నే సీటు పట్టుకున్నవాణ్ణి దించేసి, చివర్లో ఉరికొచ్చినవాణ్ణి కూర్చోబెట్టే బస్సు లాంటిదే ఇదీ. రోజూ మొదట దిగేది గంగన్నే.

ఆ అంకె ఐదువందలు చేస్తే సరిపోతుంది. జయరాముడు గారు రోజూ గ్రూపులో పెట్టే గుడ్‌మార్నింగ్ పూల బొమ్మంత మెమరీ కూడా పట్టదు. పోయి అదే చెప్పాను.

"మెమరీ ముట్టుకోవద్దు. హెడ్డాఫీసుకు రాయాల, వాళ్లు ఒప్పుకోవాల, నెల పడ్తాది. అయినా నువ్వు ఇప్పుడు సరిజేస్తే అయిపోయిన గైర్హాజరు యాడికి పోతాది?" అన్నారాయన.

మెమరీ ముట్టొద్దన్నారు. పెద్దల మాట కాదనే ధైర్యం నాకెక్కడిది? ముట్టలేదు. ఆ అంకె కిందే ఇంకో గడి ఉంది. మెమరీ నిండితే ఏం చేయాలి: పాతవి చెరపాలా, కొత్తవి వద్దనాలా? మొదటిది తీసేసి రెండోది పెట్టాను. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను.

మర్నాటి నుంచి గంగన్న హాజరు. చివరొచ్చే ఇరవై మంది గైర్హాజరు. వాళ్లలో నేనూ ఉన్నాను. జయరాముడు గారు ఎప్పటిలాగే ఎనిమిదింపావుకు వచ్చి వేలు పెట్టారు, మిషన్ మర్యాదగా థ్యాంక్యూ చెప్పింది. మూడో రోజు హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. విధులకు రానందున శ్రీ జయరాముడు గారికి వచ్చే నెల ఇచ్చిన లీవు రద్దయిందట.

"ఏంది సురేందరా ఇది? నేను రోజూ వస్తాండా కదా."

"మీ వేలు ఏమన్న అరిగిందా సార్?"

ఆయన నిజంగానే వేలు తిప్పి చూసుకున్నారు. గీతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. "నువ్వు చూసినావు కదా నన్ను. వాళ్లకు చెప్పు."

"మనుషుల మాట చెల్లదంటిరి గద సార్."

నెల పట్టాల్సిన హెడ్డాఫీసు అనుమతి పది నిమిషాల్లో ఫోన్‌లో వచ్చింది. సాయంత్రానికి సర్క్యులర్ కూడా అంటించారు. మేనేజర్ గారి నిశిత పర్యవేక్షణలో మిషన్ లోపం బయటపడిందని, ఈ నెల గైర్హాజర్లన్నీ రద్దని అందులో ఉంది. నేను అంకె ఐదువందలు చేసి, రెండో గడిని ఎప్పటిలా పెట్టేశాను.

పద్దెనిమిదో తేదీ పొద్దున చూస్తే గంగన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచి పక్కన పెట్టుకుని, మిషన్ ముందు నిలబడి ఉన్నాడు. ఆరోసారో ఏడోసారో వేలు ఒత్తుతున్నాడు.

"కాకా, ఇయ్యాల్టి సంది నువ్వు లీవు మీదున్నవ్. వేలు వెట్టే పనిలేదు."

"ఎర్కే. నాకు సంతకం రాదు గద. దవఖానల గుడ గిసొంటి మిషనే ఉంటే, నేను రాములవ్వ మొగణ్ణి కాదంటదేమో."

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. "ఆడ మిషన్ ఉండది కాకా. ఇంకు పూసి కాయిదం మీద ఒత్తిపిస్తరు. గీతలు లేకున్నా నడుస్తది."

"పక్కానా?"

"పక్కా."

సరేనని తలూపాడు. వేలు మాత్రం తియ్యలేదు. తొమ్మిదోసారి మిషన్ థ్యాంక్యూ అన్నాక సంచి భుజాన వేసుకున్నాడు.